నాలుగు వందల మీటర్ల పరుగు – వెనుక కమాను కథ

ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలను ఒక్కసారైనా చూచినవారికి ఈ సంగతి నేను వేరుగా చెప్పనక్కరలేదు. గిత్తకు బలమెంత ఉన్నా తొలి అడుగులో గిట్ట నేలను పట్టకపోతే బండ కదలదు. పోటీకి ముందు యజమాని కాలు జార్చి మట్టిని పరీక్షించేది ఇందుకే. బలం వేరు, ఆ బలాన్ని నేలకు అప్పగించడం వేరు. ఈ రెంటికీ నడుమనున్న తేడాను సౌదీ అరేబియా తూర్పు తీరంలో, ఒక పాత షెవ్రొలే పికప్పు కింద పడుకొని నేను రెండవసారి నేర్చుకొన్నాను. వృత్తిరీత్యా నేను రసాయనశాస్త్ర పరిశోధకుడను. మోటారు పందేలకూ నాకూ అంతకు మునుపు ఏ సంబంధమూ లేదు.

ఈ దేశంలో పికప్పును వనైత్ అంటారు. ఖర్జూరపు బుట్టలు, గొర్రెలు, నీళ్ళ పీపాలు, గుడారపు సామగ్రి – ఒక తరం సౌదీ కుటుంబాల జీవితమంతా దానిమీదనే సాగింది. మా ప్రయోగశాలలో పనిచేసే ఒక యువ సౌదీ సహోద్యోగి తండ్రికి 1970ల నాటి వనైత్ ఒకటి ఉండేది. ఆయన కళ్ళు మందగించి బండిని ఇంటి ముందు నిలిపివేశారు. కొడుకు దాన్ని బాగుచేసి, బహ్రెయిన్‌కు తీసుకొనిపోయి, అక్కడి పందెపు బాటమీద పరుగెత్తించాలని సంకల్పించాడు. 1986లో తెరిచిన ఫహద్ రాజు వారధి మీదుగా సముద్రం దాటితే సాఖీర్‌లో 2004లో ప్రారంభమైన బహ్రెయిన్ అంతర్జాతీయ సర్క్యూట్ వస్తుంది. ఫార్ములా వన్ బాటతో పాటు అక్కడ సరళరేఖలో పరుగెత్తే డ్రాగ్ పందేలకు ప్రత్యేకమైన బాట ఉంది.

ఈ క్రీడ అమెరికాలో పుట్టింది. కాలిఫోర్నియాలోని ఎండిపోయిన సరస్సుల మీద, ఆపైన వాడకంలేని విమానాల రన్‌వేల మీద యువకులు పాత కార్లను పరుగెత్తించేవారు. దాన్ని వీధులనుండి తప్పించి నియమాల కిందకు తేవాలని వాలీ పార్క్స్ 1951లో ఎన్.హెచ్.ఆర్.ఏ. అనే సంస్థను స్థాపించాడు. దూరం పావు మైలు, అంటే 402 మీటర్లు. గల్ఫు దేశాలకు ఈ ఆట కొత్త కాదు. ఖతార్ రాజకుటుంబ సభ్యుని అల్ అనాబీ జట్టు 2010, 2011, 2013 సంవత్సరాలలో అమెరికా గడ్డమీదనే టాప్ ఫ్యూయెల్ తరగతి విజేతగా నిలిచింది.

వీధి సంగతి ఇక్కడా ఉన్నదే. రాత్రివేళ ఖాళీ రహదారులపై కార్లను అడ్డంగా జార్చే 'తఫ్హీత్' అనే వ్యసనం ఎందరి ప్రాణాలు తీసిందో ఈ దేశంలో పిల్లలను పెంచిన తల్లిదండ్రులకు తెలుసు. 2016లో ప్రభుత్వం దీనికి మొదటి తప్పుకే 20 వేల రియాళ్ల జరిమానా విధించింది. మా సహోద్యోగి నన్ను పిలిచినప్పుడు నేను పెట్టిన ఏకైక షరతు కూడా అదే: బండి వీధిలో పరుగెత్తరాదు, ట్రైలరు మీద వారధి దాటవలె. అతడు చేతిలో చెయ్యి వేసి ఒప్పుకొన్నాడు.

ఇక పని చేసినవారి సంగతి. పారిశ్రామికవాడలోని ఒక వర్క్‌షాపులో విజయవాడ ఆటోనగర్‌నుండి వచ్చిన ఒక మేస్త్రిగారు ఉన్నారు. యౌవనమంతా లారీల కమాను పట్టీల మధ్య గడిపిన మనిషి. చదువు ఏడవ తరగతి. బండి కిందకు ఒకసారి వంగి చూచి ఆయనన్న మొదటి మాట: "డాక్టరు గారూ, ఇంజను గురించి ఆ అబ్బాయి ఎంతైనా చెప్పనివ్వండి. ముందు వెనక కమాను సంగతి తేల్చాలి."

ఆ బండి వెనుక నిర్మాణం మన లారీల వంటిదే. ఒక గట్టి ఇరుసు గొట్టం, దాని నడుమ డిఫరెన్షియల్, రెండు ప్రక్కలా ఒకదానిమీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల కమానులు, వాటిని ఇరుసుకు బిగించే యూ బోల్టులు. కమాను ముందు కన్ను ఛాసిస్‌కు నేరుగా తగిలి ఉంటుంది. వెనుక కన్ను షాకిల్ అనే ఊగే ముక్కకు వ్రేలాడుతుంది. 1960 నుండి 1972 వరకు షెవ్రొలే పికప్పులకు వెనుక చుట్టు స్ప్రింగులు, పొడవైన ఈడ్పు చేతులు ఉండేవి. ఆ చేతుల పద్ధతినే తరువాత నాస్కార్ పందెపు కార్లు స్వీకరించాయి. 1973 నుండి కంపెనీ పట్టీల కమానుకు మారింది. బరువు మోయడానికి అది మేలు. పందేనికి మాత్రం చిక్కు.

చిక్కేమిటో చెప్పేముందు ఒక లెక్క. ఆ ఏడు మా అమ్మాయి పదకొండవ తరగతిలో ఉండేది. 2018 జూన్ వరకు స్త్రీలు వాహనం నడపడానికి అనుమతిలేని దేశంలో పెరిగిన పిల్ల, అనుమతి వచ్చిన నాటినుండి యంత్రాలమీద విశేషమైన ఆసక్తి పెంచుకొన్నది. నాతోపాటు వర్క్‌షాపుకు వచ్చి ఒకనాడు అడిగింది: "నాన్నా, బండి దూకేటప్పుడు వెనక భాగం కుంగుతుంది కదా, అందుకేనా బరువు వెనక చక్రాల మీదికి వెళ్ళేది?" మా సహోద్యోగి మిత్రబృందమంతా అదే నమ్మేవారు. వెనుక కమానును మెత్తన చేస్తే బాగా కుంగి పట్టు పెరుగుతుందని వారి సిద్ధాంతం.

అది పొరపాటు. కుంగుట ఫలితమే కాని కారణం కాదు. త్వరణంలో వెనుక చక్రాలపైకి మారే బరువు ఎంతో తెలియాలంటే, బండి బరువును త్వరణంతోను గురుత్వకేంద్రపు ఎత్తుతోను గుణించి, రెండు ఇరుసుల మధ్య దూరంతో భాగించాలి. అంతే. ఈ సూత్రంలో కమాను గట్టిదనానికి చోటే లేదు! పెట్టె పొట్టిగా ఉండే ఈ తరహా బండికి ఇరుసుల మధ్య దూరం 117.5 అంగుళాలు, అంటే సుమారు 2.98 మీటర్లు. బరువు 1,700 కిలోలు, అందులో వెనుక చక్రాల వాటా 710 కిలోలు, గురుత్వకేంద్రం నేలకు 65 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదని అనుకొందాం. టైరుకూ బాటకూ ఘర్షణ గుణకం 1 అయితే, ఇంజను ఎన్ని గుర్రాల బలానిదైనా సరే, ఆ బండి గురుత్వ త్వరణంలో 0.53 వంతును మించలేదు. అప్పుడు వెనుకకు మారే బరువు దాదాపు 200 కిలోలు. గుణకం 1.5కు పెరిగితే త్వరణం 0.93 వంతుకు చేరుతుంది. మా అమ్మాయి ఈ లెక్కను పాత డబ్బా అట్టమీద వేసి గోడకు అంటించింది. అది చూచి మేస్త్రిగారు బ్యాటరీని విప్పి పెట్టె చివరికి మార్చారు. పాప వేసిన లెక్క ప్రకారం వెనుక బరువు పెరగాలి కదా అన్నారు. ఖర్చు రెండు మీటర్ల కేబులు.

మరి ఘర్షణ గుణకం 1ని దాటుతుందా? బడిలో చదివిన అమోంతోన్ సూత్రాలు (1699) ఘర్షణ స్పర్శావైశాల్యంపై ఆధారపడదంటాయి. రబ్బరు వాటిని పాటించదు. వల్కనీకరణకు గుడ్‌ఇయర్ 1844లో పేటెంటు పొందినప్పటినుండి మనం వాడుతున్న ఈ పదార్థం సగం ఘనం, సగం ద్రవం వంటిది. గంధకపు వంతెనలతో ముడిపడిన పొడవైన అణుహారాలు బాటలోని సూక్ష్మమైన గుంటలలోనికి పారి, రాయి ఉపరితలానికి అంటుకొని, తిరిగి ఊడేటప్పుడు శక్తిని వేడిగా మింగివేస్తాయి. పట్టు అంటే ఆ మింగుడే. అందుకే పందేనికి మెత్తని రబ్బరు వాడి, పరుగుకు ముందు చక్రాలను ఒకచోటనే తిప్పి పొగలు వచ్చేదాకా వేడి చేస్తారు. బాటపైన జిగురు రెసిన్ చల్లుతారు. ఆ పైన ఎడారి ఇసుక పలుచని పొరగా పడితే ఈ రసాయనమంతా వ్యర్థం. రబ్బరుకూ రాయికీ నడుమ గుండ్రని ఇసుకరేణువులు పోసినట్లే. టాప్ ఫ్యూయెల్ బండ్లు గురుత్వానికి నాలుగు రెట్లకు మించిన త్వరణంతో దూకుతున్నాయంటే ఇంజనుతోపాటు ఈ అంటుదనానికీ సగం పేరు ఇవ్వాలి.

ఇప్పుడు కమాను చిక్కు. చక్రం ముందుకు తిరిగితే ఇరుసు గొట్టం వెనుకకు తిరగజూస్తుంది. న్యూటన్ మూడవ సూత్రం. మా బండిలో ఆ మెలి దాదాపు 3,200 న్యూటన్ మీటర్లు. డిఫరెన్షియల్ ముక్కు పైకి లేస్తుంది, దానితో కమాను ముందు సగం పైకి, వెనుక సగం కిందికి వంగి పాము మెలికలాగా తయారవుతుంది. వంగి వంగి ఒక హద్దుకు చేరగానే టైరు జారుతుంది. జారగానే మెలి తగ్గి కమాను విదిలించుకొని యథాస్థితికి వస్తుంది, టైరు మళ్ళీ పట్టుకొంటుంది, మళ్ళీ మెలి. సెకనుకు ఎన్నో సార్లు జరిగే ఈ ఎగురుడులో యూ బోల్టులు సాగుతాయి, ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లు విరుగుతాయి. తొలి ప్రయత్నంలో ఆ బండి తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లలాగా గెంతింది. ఇది చూచే మేస్త్రిగారు ఇంజనును పక్కన పెట్టమన్నది.

మరొక చిక్కు కూడా ఉంది. ప్రొపెల్లర్ షాఫ్టు తిరిగే దిక్కునుబట్టి ఇరుసుకు ప్రక్కవాటు మెలి కూడా కలుగుతుంది. ఎడమ చక్రం నేలకు నొక్కుకొంటుంది, కుడి చక్రం తేలుతుంది. ఇంజను ఛాసిస్‌ను అంతే మెలితో ఎదురు దిక్కుకు త్రిప్పుతుంది కనుక, ఆ ఎదురు మెలి అంతా వెనుక కమానుల ద్వారానే ఇరుసుకు తిరిగి చేరితే లెక్క సరిపోయేది. కాని అందులో కొంత ముందు స్ప్రింగులు కాజేస్తాయి. అంతమేరకు కుడి చక్రం నష్టపోతుంది. 1960లలో క్రైస్లర్ సంస్థ తన పందెపు కార్లకు కుడి, ఎడమ కమానులను వేరువేరుగా తయారు చేయడానికి కారణం ఇదే. బయటినుండి చూచేవారికి అది తయారీలోపం అనిపించి ఉండవచ్చు.

మేస్త్రిగారి చికిత్స చాలా సరళం. బరువు మోతకు అడుగున వేసిన మందమైన సాయపు పట్టీని తొలగించారు. మిగిలిన పట్టీల ముందు సగాన్ని గట్టి క్లాంపులతో ఒకే ముద్దగా బిగించి, వెనుక సగాన్ని వదులుగా ఉంచారు. ముందు సగం కర్రలాగా ఇరుసును నెట్టాలి, వెనుక సగం స్ప్రింగులాగా ఊగాలి అన్నమాట. కమాను కింద ఇరుసుకు ఒక ఉక్కు కడ్డీని బిగించి ముందుకు చాచి, దాని కొనకు రబ్బరు దిమ్మె అమర్చాలి. డిఫరెన్షియల్ ముక్కు లేచిన వెంటనే ఆ దిమ్మె కమాను ముందు కన్నుకు తగిలి మెలిని ఆపివేస్తుంది. ఎడమన వేలి మందం సందు, కుడిన అంతకన్న తక్కువ సందు. కుడి చక్రానికి పని ముందుగా అందాలి కనుక. లెక్కతో నేను చెప్పదలచుకొన్నదాన్ని ఆయన స్పానరుతో చెప్పేశారు. ముక్కును ముందే రెండు మూడు డిగ్రీలు కిందికి వంచి, ఆప్ల ముక్కలతో అమర్చారు. పరుగులో అది లేచి షాఫ్టుతో సరళరేఖలోకి వస్తుంది. షాఫ్టు ముందుభాగం చుట్టూ ఒక ఉక్కు వలయం కూడా వేశారు. జాయింటు విరిగితే షాఫ్టు నేలలో గుచ్చుకొని బండిని గడకర్ర దూకుడులాగా ఎత్తివేయకుండా అది కాపాడుతుంది.

బుష్‌ల విషయంలో మాత్రం నా రసాయనశాస్త్రం అక్కరకు వచ్చింది. పాత రబ్బరు బుష్‌లు వేడికి, ఓజోనుకు పగిలిపోయి ఉన్నాయి. బజారులో దొరికే పాలియురిథేన్ బుష్‌లు రెండు రకాలు. పాలియెస్టరు మీద కట్టినవి ఈ తీరపు ఉక్కపోతలో నీటి ఆవిరితో నెమ్మదిగా విచ్ఛిన్నమై పిండిలాగా రాలుతాయి. పాలియీథర్ మీద కట్టినవి తట్టుకొంటాయి. పెట్టెమీది రంగు చూచి కాక ఈ ఒక్క ప్రశ్న అడిగి కొనమని చెప్పాను. మేస్త్రిగారు ఆ రోజు నాకు ప్రత్యేకంగా టీ తెప్పించారు.

ఇక నేను చెప్పడానికి ఇష్టపడని భాగం.

బహ్రెయిన్ ప్రయాణం శనివారం. గురువారం మేస్త్రిగారు బంధువు ఇంట్లో జబ్బు కారణంగా రాలేదు. కుడివైపు కడ్డీని బిగించవలసిన యూ బోల్టులు పొట్టివి వచ్చాయి. సహోద్యోగి ఆత్రపడి బండిని వేరొక వర్క్‌షాపుకు తీసుకొనిపోయాడు. నేనూ వెంట వెళ్ళాను. అక్కడి వెల్డరు చాలా వినయంగా, వేగంగా, కడ్డీ బ్రాకెట్టును నేరుగా కమాను తల్లిపట్టీకే వెల్డింగు చేశాడు. వెల్డింగు గీత కుట్టుమిషను కుట్టులాగా అందంగా ఉంది. ఎలక్ట్రోడ్ల డబ్బా మూతలేకుండా కిటికీలో ఉండడం నేను చూచాను. చూచి, ఏమీ అనలేదు.

ఆ మౌనానికి అర్థం రసాయనశాస్త్రం తెలిసినవారికి వివరించనక్కరలేదు. మిగిలినవారికి చెప్పాలి. కమాను ఉక్కు సిలికానో మాంగనీసో క్రోమియమో కలిసిన ఉక్కు, అందులో కర్బనం 0.6 శాతం దాపున ఉంటుంది. దాన్ని కాచి, నూనెలో చల్లార్చి, మళ్ళీ మితంగా కాచి ఒక సమతౌల్యానికి తెస్తారు. వెల్డింగు మంట ఆ సమతౌల్యాన్ని ఒక్క నిమిషంలో చెరిపివేస్తుంది. ఎర్రబడిన సన్నని పట్టెను చుట్టూ ఉన్న చల్లని ఉక్కు చటుక్కున చల్లార్చగా అక్కడ మార్టెన్సైట్ అనే గాజువంటి పెళుసు స్థితి ఏర్పడుతుంది. దానికి తోడు తడి. ఎలక్ట్రోడ్ పూత గాలిలోని తేమను పీల్చుకొంటుంది. ఆర్కు వేడికి ఆ నీరు విడిపోయి హైడ్రోజన్ పరమాణువులు కరిగిన లోహంలోనికి చొరబడతాయి. ఉక్కు చల్లబడిన తరువాత అవి తీరికగా ప్రయాణించి, బిగువు ఎక్కువగా ఉన్నచోట, పెళుసుపట్టెలో, గుమిగూడతాయి. అప్పుడు పగులు పుడుతుంది. వెంటనే కాదు. కొన్ని గంటలకో, ఒకటి రెండు రోజులకో. అందుకే వెల్డింగు అయిన నిమిషంలో చేసే తనిఖీకి విలువ లేదు. ఇదంతా నాకు తెలుసు, దీనిమీద యువ ఇంజనీర్లకు ఉపన్యాసం ఇచ్చినవాడను. అయినా ఇతరుల పనిలో వేలు పెట్టడమెందుకని, ఆ కుర్రవాని ఉత్సాహం చెడగొట్టడమెందుకని ఊరకున్నాను. బండి బావుందని కూడా అన్నట్లు గుర్తు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు తరువాత మేస్త్రిగారు వచ్చారు. బండి కింద దూరి, ఏమీ మాట్లాడకుండా చిన్న సుత్తితో కమాను పట్టీలను ఒక్కొక్కటిగా తట్టారు. ఎడమది గంటలాగా మ్రోగింది. కుడిది పగిలిన కుండలాగా పలికింది. కిరసనాయిలు రాసి, తుడిచి, సుద్దపొడి చల్లారు. రెండు నిమిషాలలో తెల్లని పొడిమీద వెల్డింగు అంచున వెంట్రుకంత నల్లగీత తేలింది. తల్లిపట్టీ సగం వెడల్పుకు పైగా పగిలి ఉంది.

"ఎవరు చేశారు సార్ ఇది?" అని ఆయన నన్నే అడిగారు. చెప్పాను. "మీరు అక్కడే ఉన్నారా?" అని మళ్ళీ అడిగారు. ఉన్నానన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. తల్లిపట్టీ తెగితే ఇరుసు ఆ వైపు స్థానం తప్పుతుంది. గంటకు 150 కిలోమీటర్ల వేగంలో బండి అడ్డం తిరగడానికి అది చాలు. నడపబోయే అబ్బాయికి అప్పటికి ఇరవై ఆరేళ్ళు.

ప్రయాణం రెండు వారాలు వాయిదాపడింది. కొత్త తల్లిపట్టీ, పొడవైన యూ బోల్టులు తెప్పించారు. వెల్డింగు లేకుండా బిగించి, వంద కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, నట్టులను మళ్ళీ బిగించారు. సహోద్యోగికి జరిగినదంతా నేనే చెప్పాను. నా మౌనంతో సహా. అతడు చాలాసేపు పాత పట్టీవంక చూచి, "మీరు అప్పుడు చెప్పి ఉంటే నేను వినేవాణ్ణి కాదేమో" అన్నాడు. అది నన్ను ఓదార్చడానికి అన్నమాటే. నిజమేమిటో ఇద్దరికీ తెలియదు, చెప్పి చూడలేదు కనుక.

పగిలిన ముక్కను ప్రయోగశాలలో కోసి పరీక్షించాను. రాక్‌వెల్ కొలతలో పట్టీ సాధారణ కాఠిన్యం 45. వెల్డింగు అంచున 60. సూక్ష్మదర్శిని కింద సూదులవంటి మార్టెన్సైట్, దాని గుండా పగులు. ఆ ముక్క ఇప్పుడు నా బల్లమీద కాగితాలపై బరువుగా ఉంది. కొత్తగా చేరే పిల్లలు అదేమిటని అడిగితే మొత్తం కథ చెబుతాను.

సాఖీర్‌లో ఆ సాయంత్రం గాలి నిలకడగా ఉంది. పాత అమరికలో, గెంతుతూ, మొదటి 18 మీటర్లకు 2.4 సెకన్లు పట్టిన బండికి ఆనాడు 2.1 సెకన్లు సరిపోయాయి. మొత్తం 402 మీటర్లకు పట్టిన కాలం 14.5 నుండి 14.0కు తగ్గింది. పెద్ద బండ్ల ముందు ఇది పిల్లల ఆటే. అయినా రెండు చక్రాలూ బాటమీద సమానమైన నల్లగీతలు వదిలినప్పుడు మేస్త్రిగారు వాటిని వంగి వ్రేలితో కొలిచి చూచారు. కుడిది వెంట్రుకవాసి సన్నగా ఉందని, దిమ్మె సందు ఇంకొంచెం తగ్గించాలని అన్నారు. మా అమ్మాయి ఆ కొలతను అట్టముక్కమీద వ్రాసుకొన్నది.

సహోద్యోగి తండ్రిగారు కూడా వచ్చారు. కళ్ళు సరిగా కనబడకపోయినా ఇంజను చప్పుడునుబట్టి తన బండిని గుర్తుపట్టారు. పరుగులు ముగిశాక పెట్టె అంచును తడిమి, వెనుక భాగాన్ని రెండు చేతులా నొక్కి చూచి, ఇక దీంట్లో గొర్రెలను ఎక్కించవచ్చునా అని అరబ్బీలో అడిగారు. మేస్త్రిగారికి ప్రశ్న అర్థమైంది. సీటు వెనుకనుండి గుడ్డలో చుట్టిన సాయపు పట్టీని తీసి పెద్దాయన చేతిలో పెట్టి, అరగంట పని అన్నారు.